ముప్ఫై నాలుగు తెలుపులు

నరసరావుపేటలో ఏ వీధిన పోతున్నా సరే, కొత్తగా వెల్ల వేసిన గోడ కనిపిస్తే ఏసోబు సైకిల్ దిగుతాడు. గోడకు నాలుగడుగుల దూరాన నిలబడి, తల ఒక పక్కకు వంచి చూస్తాడు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నవ్వుతారు. "ఏంది పెదనాన్నా, గోడలో సినిమా ఆడతందా?" అంటారు. ఏసోబు చూడాల్సినంత సేపు చూసి సైకిలెక్కుతాడు.

అతనికిప్పుడు అరవై ఒకటో ఏడు. తండ్రి పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పనిచేస్తూ, ఉడుకుతున్న సున్నం చింది ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆ బట్టీ గడప తొక్కొద్దని కొడుకు దగ్గర మాట తీసుకున్నాడు. ఏసోబు మాట తప్పలేదు. కానీ సున్నం అతన్ని వదల్లేదు. పెళ్ళయ్యాక భార్య శాంతమ్మతో కలిసి ఇళ్ళకు వెల్ల వేసే పనిలో దిగాడు. ఆమె కింద కూచుని సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు కలిపేది. అతను నిచ్చెనెక్కేవాడు. నడికుడి రైల్వే క్వార్టర్లు, వినుకొండ కోమట్ల కొట్లు, గురజాల బడులు, ఇద్దరూ కలిసి తెల్లగా చేయని ఊరు ఆ చుట్టుపక్కల తక్కువ. తర్వాత డబ్బాల్లో రంగులొచ్చాయి. జనం సున్నాన్ని మర్చిపోయారు. ఏసోబు కూడా రోలరు పట్టుకోవడం నేర్చుకున్నాడు.

అయినా ఒక్కచోట మాత్రం అతని సున్నం ఆగలేదు. దాన్ని ఊళ్ళో బొమ్మల గోడౌను అంటారు.

స్టేషన్ వెనకాల సాంబశివరావు గారికి ఒక పత్తి మిల్లు ఉండేది. అది మూతపడ్డాక దాని గోడౌను పావురాల పాలైంది. 1999 వేసవిలో రాజరత్నం అనే ఆవిడ వచ్చి దాన్ని అద్దెకు అడిగింది. ఆవిడది వినుకొండలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. చదువుకోవడానికి ఢిల్లీ వెళ్ళి, అక్కడే పెద్ద మ్యూజియంలో పాతికేళ్ళు పనిచేసి, యాభై దాటాక ఒంటరిగా వెనక్కి వచ్చింది. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకుని ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట ఆ గడియారం గురించే మాట్లాడుకున్నారు.

గోడలకు సున్నం వేయమని ఆవిడ ఏసోబును పిలిపించింది. అందరి ఇళ్ళకూ వేసినట్టే అతను తొట్టిలో కాస్త నీలిమందు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీలి వద్దు."

"నీలి లేకపోతే మెరుపు రాదమ్మగారూ."

"మెరిస్తే జనం గోడను చూస్తారు. బొమ్మను చూడరు. నాకు కనపడని గోడ కావాలి."

కనపడని గోడ ఎట్టా వస్తుందో ఏసోబుకు అర్థం కాలేదు. ఆ అరవై అడుగుల గోడకు మూడుసార్లు వేయించి, మూడుసార్లూ మార్పించింది. నాలుగోసారి పూత ఆరాక అతని కోసం ఒక కుర్చీ తెచ్చి గోడ ముందు వేసింది.

"కూచో. పది నిమిషాలు గోడను చూడు. ఊరికే చూడు."

ఒక పెద్దావిడ ముందు కుర్చీలో కూచోవడమే అతనికి కొత్త. మొహమాటంగా ఒక అంచున కూచున్నాడు. మొదటి రెండు నిమిషాలూ గోడలో ఏమీ లేదు. తర్వాత పై కిటికీలోంచి పడుతున్న ఎండ దాని మీద కదలడం తెలిసింది. ఎడమ చివర మజ్జిగలా ఉంది, మధ్యలో కోడిగుడ్డు పెంకులా ఉంది, కుడివైపు నీడలో బూడిద కలిసినట్టుంది. తెలుపు అనేది ఒక్కటి కాదని, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, పదిహేనేళ్ళు సున్నం వేశాక అతనికి మొదటిసారి తెలిసింది. ఇంటికి పోయి శాంతమ్మకు చెప్పబోయాడు గానీ మాటలు కుదర్లేదు.

ఒకసారి అతనే అడిగాడు, "అమ్మగారూ, మీరు బొమ్మలు వేయరు గదా. మరి మీ పనేంది?"

ఆవిడ నవ్వింది. "మీ చర్చిలో పాట పాడేవాళ్ళు వేరు, ఏ పాట తర్వాత ఏది పాడాలో చెప్పేవాళ్ళు వేరు గదా. నేను ఆ రెండో రకం. క్యూరేటర్ అంటారు. ఎవరి పని జనం ముందుకు రావాలి, దేని పక్కన ఏది ఉండాలి, అది తేల్చడం నా పని."

ఆవిడ తేల్చిన మాటకు ఎంత బరువుందో ఏసోబుకు మెల్లగా తెలిసింది. ఢిల్లీ నుంచీ బొంబాయి నుంచీ మనుషులు రైలు దిగి, రిక్షాలో గోడౌనుకు వచ్చేవాళ్ళు. ఇక్కడ మొదటిసారి బొమ్మ పెట్టినవాళ్ళ పేర్లు రెండు మూడేళ్ళకు పెద్ద ఊళ్ళ పేపర్లలో కనిపించేవి. ప్రతి ప్రదర్శనకూ గోడకు కొత్త పూత. ముదురు రంగుల బొమ్మలైతే సున్నంలో చిటికెడు పసుపు మట్టి, నలుపు తెలుపు ఫొటోలైతే వడగట్టిన బొగ్గునీళ్ళు నాలుగు చుక్కలు. ఏ తెలుపు కావాలో చెప్పడానికి ఇద్దరూ పేర్లు పెట్టుకున్నారు. మజ్జిగ తెలుపు, పత్తి తెలుపు, ఎముక తెలుపు. ఆవిడ ఫోన్ చేసి, "ఏసోబూ, ఈసారి కొబ్బరి" అంటే చాలు, అతను మిగతా పనులన్నీ వదిలి వచ్చేవాడు. ఇరవై రెండేళ్ళలో ముప్ఫై నాలుగు ప్రదర్శనలు జరిగాయి. పావురాలు వెళ్ళిపోయాయి. రాజరత్నం గారు ముసలిదైపోయి, 2022లో వానలు మొదలయ్యే రోజుల్లో గుండె ఆగి చనిపోయింది. గోడౌనుకు తాళం పడింది.

రెండేళ్ళ తర్వాత ఆ తాళం తీయించింది దేవిక.

దేవికది మాచర్ల. ఆర్టీసీ కండక్టర్ కూతురు. ఇప్పుడామె పని చూడటానికి విదేశాల్లో కూడా జనం వస్తారు. ఆమె బొమ్మలు గీయదు. వస్తువులతో, చోట్లతో, మనుషులతో ఒక ఆలోచనను కళ్ళముందు నిలబెడుతుంది. ఆమె మొదటి ప్రదర్శన ఇరవై మూడేళ్ళ వయసులో ఈ గోడౌనులోనే జరిగింది. మిరపకాయలు నింపి ఖాళీ చేసిన రెండు వందల గోతాలను గోడ పొడుగునా వేలాడదీసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తారు. ఊరంతా నవ్వింది. ఒక పేపరు కూడా ఎగతాళిగా రాసింది. రాజరత్నం గారు మాత్రం వారం రోజులనుకున్న ఆ ప్రదర్శనను నెలకు పొడిగించి, రోజూ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గోతాల మధ్య కుర్చీ వేసుకుని కూచుంది. నెలాఖరుకు మిర్చియార్డు కూలి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి, గోతాల మీద చేతులు వేసి నిలబడ్డారు. శాంతమ్మా వాళ్ళలో ఉంది. అక్కడ నవ్వినవాళ్ళు లేరు.

ఆవిడ రుణం తీరేది కాదని, కనీసం ఒక నమస్కారమైనా చేయాలని దేవిక వచ్చింది. తాళం తీసిన మర్నాడు ఏసోబు ఇంటికి వచ్చి మంచం మీద కూచుంది.

"బాబాయ్, రాజరత్నం అమ్మ మీద ఒక ప్రదర్శన పెడతన్నా. నీ సాయం కావాలి."

"ఏ తెలుపు కావాలమ్మా?"

"సున్నం వేయడానికి కాదు బాబాయ్. గీకడానికి."

ఏసోబుకు ముందు అర్థం కాలేదు. ఆ గోడ మీద ముప్ఫై నాలుగు పూతలున్నాయని, ఒకదాని కింద ఒకటి దాక్కుని ఉన్నాయని ఆమె చెప్పింది. గోడను ముప్ఫై నాలుగు నిలువు పట్టీలుగా చేసి, ఎడమ చివర మొదటి పూత దాకా, దాని పక్కన రెండో పూత దాకా, అట్టా ఒక్కొక్క పొర వదులుకుంటూ కుడి చివర ఆఖరి పూత దాకా రావాలంది. బొమ్మలు ఉండవు. ఫొటోలు ఉండవు. అమ్మ ఎంచిన తెలుపులే ఉంటాయి.

ఏసోబు తల అడ్డంగా ఊపాడు. "ఇరవై ఏళ్ళు ఏసిన చేత్తో గీకమంటే ఎట్టమ్మా? నా వల్ల కాదు. ఇంకోళ్ళను చూసుకో."

దేవిక బలవంతం చేయలేదు. టీ తాగి వెళ్ళిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి శాంతమ్మ అంది, "ఇంకోడు గీకితే పొరలు పొరలుగా గీకుతాడా? పెచ్చులు పెచ్చులుగా ఊడబెరుకుతాడు. అప్పుడేమన్నా సంతోషమా నీకు?"

మూడో రోజు ఏసోబు తడిగుడ్డ, పుట్టీ పట్టే రేకు, అరగదీసే కాగితాలు సంచిలో వేసుకుని గోడౌనుకు వెళ్ళాడు.

కుడి చివర మొదలుపెట్టి ఎడమకు జరుగుతూ పోయారు. పని రెండు నెలలు పట్టింది. గోడను తడిపి, పొర మెత్తబడేదాకా ఆగి, రేకును పడుకోబెట్టి పాలమీగడ తీసినట్టు తీయాలి. ఒక్క క్షణం చెయ్యి బరువైతే రెండేళ్ళు రాలిపోతాయి. రెండు పూటలూ అతను, దేవిక, శాంతమ్మ ముగ్గురే లోపల ఉండేవాళ్ళు. పొర మారగానే అతని చెయ్యి ఆగిపోయేది. "ఇది ఎముక తెలుపు. ఇత్తడి బొమ్మలాయన వచ్చినప్పటిది," అనేవాడు. దేవిక తన దగ్గరున్న పాత ఆహ్వానపత్రాల కట్టలో తేదీ వెతికితే సరిపోయేది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. తన చేతికి అంత జ్ఞాపకం ఉందని అతనికే తెలియదు.

ఒక పొద్దున పదకొండో పట్టీలో రేకు కింద గోడ గులాబీ రంగుకు తిరిగింది. లేత గులాబీ. అది ఏ తెలుపో అతనికి గుర్తు రాలేదు. గులాబీ తెలుపు తామెప్పుడూ కలపలేదు. వంగి దగ్గరగా చూస్తుండగానే అతనికి తుమ్ము వచ్చింది. శాంతమ్మకూ వచ్చింది. దేవిక కిందనుంచి లేచి వచ్చి గోడ మీద వేలు పెట్టి చూసింది. పంతొమ్మిదేళ్ళ కిందటి మిరపకారం, నెల రోజులు గోతాల్లోంచి రాలి గోడకు పట్టిన కారం, సున్నం కింద బతికే ఉంది. దేవిక అక్కడే నేల మీద కూచుండిపోయింది. కారానికో దేనికో కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

తొమ్మిదో పట్టీలో కనిపించింది మాత్రం ఎవరూ ఊహించనిది. మోకాలి ఎత్తులో, పొర మీద సన్నని పెన్సిలు గీతలు. ఇంగ్లీషు అక్షరాలు. ఏసోబు వాటిని పట్టించుకోకుండా రేకు ఆనించబోతే దేవిక చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కొలతలమ్మా," అన్నాడు ఏసోబు. "అమ్మగారు ప్రతిసారీ పాత బొమ్మలు దించాక గోడ మీద ఏందో రాసేది. నేను దాని మీదే సున్నం కొట్టేవాణ్ణి."

దేవిక మోకాళ్ళ మీద కూచుని, సెల్‌ఫోన్ వెలుగు పక్కనుంచి పట్టి చదివింది. చాలాసేపటికి తల తిప్పింది.

"కొలతలు కాదు బాబాయ్. నీ పేరు ఉంది."

ఆమె తెలుగులో చెప్పింది. 'గోడ: ఏసోబు. ఇంత నెమ్మదైన తెలుపు నేను ఇంకెక్కడా చూడలేదు.' కింద తేదీ.

ఏసోబు చేతిలో రేకు అట్టాగే ఉండిపోయింది. ఆ రోజు పని ఆపేశారు. మర్నాటి నుంచి పొర తీసే ముందు ప్రతి జానెడూ వెలుగు పెట్టి వెతికారు. ముప్ఫై నాలుగు పొరల్లో పదకొండు చోట్ల రాత దొరికింది. మిగతావి చెదిరిపోయాయో, అసలు రాయలేదో తెలియదు. దేవిక అన్నిటినీ ఫొటో తీసింది. 'గోడ: ఏసోబు, శాంతమ్మ' అని ఒకచోట. 'ఏసోబు కూతురికి జ్వరం. ప్రారంభం ఎల్లుండికి మార్చాను. ఇంకెవరితోనూ వేయించను' అని ఒకచోట. ఢిల్లీ నుంచి మంత్రి వస్తున్నాడని పోలీసులు హడావుడి చేసిన ప్రదర్శన అది. ఎందుకు వాయిదా పడిందో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు, ఏసోబుతో సహా.

అన్నిటికన్నా అతన్ని కదిలించింది ఇరవై రెండో పొర మీది చిన్న రాత. ఆ ప్రదర్శనకు సున్నంలో పసుపు మట్టి ఎక్కువైందని అతను అన్నాడు. ఆవిడ కాదంది. మాటా మాటా పెరిగి, "గోడలు నీవి, కళ్ళు నావి" అనేసింది. నెల రోజులు ఇద్దరూ ముభావంగా ఉన్నారు. ఇప్పుడు దేవిక చదివింది, 'ఏసోబు చెప్పిందే నిజం. పసుపు ఎక్కువైంది. బొమ్మలన్నీ జబ్బుపడ్డట్టున్నాయి. తప్పు నాది.'

"ఆ మాట నాతో అనలేదమ్మా," అన్నాడు ఏసోబు.

"గోడకు చెప్పింది గదయ్యా," అంది శాంతమ్మ. "నువ్వే దాని మీద సున్నం కొట్టావు."

ఏసోబు పరంజా మీదే కూచున్నాడు.  ఇన్నేళ్ళూ తాను గోడను కనపడకుండా చేశాననుకున్నాడు. బొమ్మలు చూసినవాళ్ళు వేలమంది ఉండొచ్చు. గోడను చూసిన మనిషి ఒకరు ఉన్నారు. ఆ మనిషి ప్రతిసారీ చూసింది, తేదీ వేసి రాసింది, తనతోనే దాన్ని మూయించింది. చర్చిలో చిన్నప్పుడు విన్న కొన్ని మాటలకు కలిగినట్టు అతని ఒళ్ళు జలదరించింది. ఎవరికి దండం పెట్టాలో తెలియక గోడకే పెట్టాడు.

ప్రదర్శన నవంబరు నెలలో ఒక ఆదివారం ఉదయం మొదలైంది. హైదరాబాదు నుంచి, మద్రాసు నుంచి జనం వచ్చారు. రాజరత్నం గారి చేతి మీదుగా పైకొచ్చిన కళాకారులు పద్నాలుగు మంది వచ్చారు. వాళ్ళలో పేరున్న ఒక పెద్దాయన గోడ ఎడమ చివర నుంచి కుడి చివరకు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి, తన ప్రదర్శన జరిగిన ఏడాది దగ్గర ఆగి, చెప్పులు విడిచాడు. అది చూసి వెనకున్నవాళ్ళు కూడా విడిచారు. అంతమంది ఉన్నా లోపల దగ్గు కూడా వినిపించలేదు. పై కిటికీలోంచి వచ్చే ఎండ ముప్ఫై నాలుగు తెలుపుల మీదుగా మెల్లగా జరుగుతుంటే, ఒక్కొక్కటీ వంతు వచ్చినట్టు వెలిగి ఆరుతోంది. ఏసోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. తన చేతులు చేసిన పనిని తానే ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

పదకొండు గంటలకు సాంబశివరావు గారు వచ్చారు. గోడౌను సొంతదారు. ఎనభై దగ్గర పడుతున్నా గొంతు తగ్గలేదు.

"ఏందిరా ఏసోబూ, గోడంతా గోకి పెట్టారు. సున్నం ఎప్పుడు ఏస్తారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. ఏసోబు నెమ్మదిగా, "ఇదే అయ్యా ప్రదర్శన. రండి, సూపిత్తా," అని ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఏ పట్టీ ఏ ఏడాదిదో చెప్పుకుంటూ పోయాడు. ఆయన "ఊ, ఊ" అంటూ వచ్చారు, విసుగ్గానే. పదిహేనో పట్టీ దగ్గర ఏసోబు ఆగి, నడుము ఎత్తున ఉన్న ఒక గుండ్రటి మసక మరక చూపించాడు.

"ఇది గుర్తుందా అయ్యా? రైతుల కాళ్ళ ఫొటోలు పెట్టినప్పుడు మీ అమ్మగారు వెంకాయమ్మగారు వచ్చారు. నిలబడలేక గోడకు ఆనుకుని కింద కూచున్నారు. మధ్యాన్నం దాకా అట్టాగే ఉన్నారు. తల నూనె గోడకు పట్టింది. నేను మూడుసార్లు సున్నం కొట్టా. నూనె ఆగదు, పైకొచ్చుద్ది. మచ్చ పోగొడతానని నేనంటే, రాజరత్నం అమ్మగారు ఉండనీయమన్నారు."

సాంబశివరావు గారు ఆ మరకను చూశారు. వెంకాయమ్మ పోయి పదిహేనేళ్ళు దాటింది. ఆయన వంగలేకపోతే దేవిక కుర్చీ తెచ్చింది. కుర్చీలో కూచున్నాక ఆయన మొహం సరిగ్గా ఆ మరక ఎదురుగా వచ్చింది. ఆముదం వాసన వస్తోందన్నారు. వస్తుందో రాదో ఏసోబుకు తెలియదు. ఎవరూ కాదనలేదు. ఆయన భోజనాల వేళ దాటేదాకా అక్కడే కూచుని, లేచి వెళ్ళేటప్పుడు ఏసోబు భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అతని భుజం మీద చెయ్యి వేయడం అదే మొదలు.

ప్రదర్శన నలభై రోజులు నడిచింది. గోడౌనుకు మళ్ళీ తాళం పడకుండా ప్రదర్శనలు నడపాలని దేవిక అప్పటికే నిశ్చయించుకుంది. ఆఖరి రోజున ఏసోబును పక్కన కూచోబెట్టుకుంది.

"ఈ గోడను అద్దం పెట్టించి ఇట్టాగే దాచుదామని కొంతమంది అంటన్నారు బాబాయ్. సాంబశివరావు గారు కూడా ముట్టుకోవద్దంటన్నారు. నువ్వేమంటావు?"

ఏసోబు ఎదురడిగాడు, "తరవాత ఎవరి బొమ్మలు పెడతన్నారు?"

"బొల్లాపల్లి అమ్మాయి అర్చన. మొదటి ప్రదర్శన."

"మరి ఆ పిల్ల బొమ్మలు దేని మీద పెడతారు?"

దేవిక గోడ వైపు తిరిగి చూసింది.

"అమ్మగారు ఏ గోడనూ దాచుకోలేదమ్మా. కొత్త మనిషి వత్తే కొత్త పూత. అంతే గదా ఆమె పని," అన్నాడు ఏసోబు. సాంబశివరావు గారి ఇంటికి కూడా అతనే వెళ్ళి చెప్పి వచ్చాడు. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

వారం తర్వాత అర్చన వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కంది పొట్టుతో తానే కాగితం చేసి, దాని మీద వాళ్ళ చేల నెర్రెలు గీసిన బొమ్మలు తెచ్చింది. గోడౌను నేల మీద వాటిని వరసగా పరిచింది. శాంతమ్మ తొట్టిలో రాతిసున్నం వేసి నీళ్ళు పోస్తే గుబగుబలాడుతూ పొగలు లేచాయి. ఏ తెలుపు కలపాలో చెప్పడానికి ఫోన్ చేసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. దేవిక కూడా ఊరికి వెళ్ళిపోయింది.

"ఏ తెలుపు ఏస్తావు తాతా?" అని అడిగింది అర్చన.

"ఉండమ్మా," అన్నాడు ఏసోబు. కుర్చీ ఒకటి లాక్కుని బొమ్మల ముందు కూచున్నాడు. "ముందు నీ బొమ్మలు సూడనీ."